పాడే గొంతును కాపాడుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ జవాబులు కర్ణాటక సంగీతం పాడేవారిని, భజన మండళ్లలో ముందు పాడేవారిని, పిల్లలకు పాఠం చెప్పే టీచర్లను దృష్టిలో పెట్టుకుని రాసినవి. లలిత సంగీతం, సినిమా పాటలు పాడేవారికీ చాలావరకు ఇవే పనికొస్తాయి. గొంతు గురించి ఇళ్లలో నడిచే చిట్కాలన్నీ ఏం తినాలి, ఏం తాగాలి అన్నదాని చుట్టూనే తిరుగుతాయి. గొంతు దెబ్బతినేది మాత్రం ఎక్కువగా వాడకం వల్ల. అందుకే ఇక్కడ వాడకానికే ఎక్కువ చోటిచ్చాం.

కరక్కాయ, అతిమధురం, మిరియాల పాలు: వీటిలో గొంతుకు ఏది మంచిది?

కంపించి గొంతు పలికించే స్వరతంత్రులు ఉండేది గాలి దారిలో. అన్నం, నీళ్లు దిగేది వాటి వెనకున్న అన్నవాహికలోంచి. మింగే క్షణంలో స్వరతంత్రులు ఉండే స్వరపేటిక పైకి లేచి మూసుకుంటుంది. ఒక్క చుక్క పొరపాటున అటు పోయినా పొలమారి దగ్గుతాం. కాబట్టి తేనె అయినా కషాయమైనా స్వరతంత్రుల మీద పూతలా పడటం జరిగే పని కాదు.

అలాగని ఇవన్నీ వృథా అనీ కాదు. బుగ్గన ఏదైనా పెట్టుకుంటే లాలాజలం ఊరుతుంది, గరగర తగ్గుతుంది, మాటిమాటికీ దగ్గాలనిపించదు. దగ్గు తగ్గితే స్వరతంత్రులకు అన్ని దెబ్బలు తప్పినట్టే. కరక్కాయ వగరుకి కొందరికి కాసేపయ్యాక నోరు ఎండుతుంది. అలా అనిపిస్తే పటికబెల్లం పలుకు చాలు. అతిమధురం అప్పుడప్పుడు ఫర్వాలేదు కానీ, వారాల తరబడి రోజూ వాడితే బీపీ పెరుగుతుంది, ఒంట్లో పొటాషియం తగ్గుతుంది. బీపీ మందులు వాడేవారు దాని జోలికి పోకండి. మిరియాల ఘాటుకి ఛాతీలో మంట వచ్చేవారు మిరియాల పాలు మానేయడమే మంచిది.

తాంబూలం గురించి గట్టిగానే చెప్పాలి. కచేరీకి ముందు వక్కాకు వేసుకోవడం కొందరికి అలవాటు. వక్క క్యాన్సర్ కలిగించే పదార్థమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ తేల్చింది. పొగాకు కలపకపోయినా అంతే.

ఐస్‌క్రీమ్, చల్లని నీళ్లు తాగితే గొంతు పోతుందా?

పోదు. చల్లదనం కూడా స్వరతంత్రుల దాకా చేరదు. పాడబోయే ముందు మాత్రం పాలు, తీపి కలిసినవి తింటే లాలాజలం చిక్కబడి గొంతులో ఏదో అడ్డున్నట్టు ఉంటుంది. అందుకని పాట అయ్యాక తినండి.

మరి నీళ్లు తాగమంటారు కదా, అవీ తాకవుగా?

నేరుగా తాకవు. ఒంట్లోకి చేరి, రక్తం ద్వారా స్వరతంత్రుల పైపొరను తడిగా ఉంచుతాయి. దానికి గంటలు పడుతుంది. వేదిక మీద గుక్కెడు తాగితే తడిసేది నోరే. సాయంత్రం ఆరుకు పాడాలంటే పొద్దున్నుంచీ తాగుతూ రావాలి. తెల్లవారుజామున పాడాలంటే ముందురోజు తాగినదే లెక్క. మామూలు రోజుల్లో రెండు, రెండున్నర లీటర్లు, ఎండాకాలంలో ఇంకాస్త. మూత్రం లేత పసుపు రంగులో ఉంటే సరిపోతున్నట్టు. కిడ్నీ, గుండె జబ్బులున్నవారు డాక్టరు చెప్పిన కొలత దాటకూడదు.

కాఫీ రోజూ తాగే అలవాటున్నవారికి ఒకటి రెండు కప్పులతో గొంతు ఎండిపోదు. పాటకు గంట ముందే తాగేయండి.

రోజుకు ఎన్ని గంటలు సాధన చేయొచ్చు?

గంటల లెక్క కంటే దెబ్బల లెక్క చూడండి. ఐదు శ్రుతిలో (హార్మోనియం మీద జి) పాడే అమ్మాయి మధ్యస్థాయి షడ్జం (నడిమి 'సా') పట్టిందంటే స్వరతంత్రులు సెకనుకు 196 సార్లు ఒకదానికొకటి తగులుతాయి. నిమిషానికి 11,760 సార్లు. తారషడ్జంలో (పై 'సా') దానికి రెట్టింపు. వీటి పొడవు ఆడవారిలో సుమారు ఒకటిన్నర సెంటీమీటర్లు, మగవారిలో రెండు సెంటీమీటర్లకు కాస్త అటూఇటూ. ఇంత చిన్న కండ మీద అన్ని తాకిడులు! అందులోనూ గట్టిగా పాడితే ప్రతి తాకిడీ బలంగా పడుతుంది.

దీన్నిబట్టి కొన్ని సంగతులు తేలతాయి. 20, 25 నిమిషాలు పాడాక ఐదు నిమిషాలు నోరు మూసుకోండి. ఆ ఐదు నిమిషాల్లో ఫోన్ మాట్లాడితే విశ్రాంతి కాదు. కొత్త కృతి నేర్చుకునేటప్పుడు ప్రతి సంగతినీ (అదే పంక్తిని మార్చి పాడే ఒక్కో తీరునూ) పూర్తి గొంతుతో యాభై సార్లు పాడనక్కర్లేదు. ముందు సాహిత్యం చదువుకుని, తాళం వేస్తూ మనసులో పాడుకుని, ఆ తర్వాత సన్నని గొంతుతో రెండు మూడుసార్లు, చివరకు పూర్తి గొంతుతో రెండుసార్లు పాడితే సరిపోతుంది. అనుపల్లవి, చరణాల్లో పైస్థాయి సంగతులు కష్టంగా ఉంటే వాటిని కింది స్థాయిలో పాడి దారి తెలుసుకుని, ఆ తర్వాత అసలు చోట పాడండి.

సాధన మర్నాడు పొద్దున గొంతు ఎలా ఉందో చూడటమే అసలు కొలత. నిద్ర లేచిన గంట తర్వాత కూడా బొంగురుగా ఉంటే నిన్నటి సాధన ఎక్కువైనట్టు.

నాకు సరైన శ్రుతి ఏదో ఎలా తెలుసుకోవాలి?

గొంతు చెడితే మేం అన్నిటికంటే ముందు చూడమనేది ఇదే. ఆడవారు మామూలుగా నాలుగున్నర నుంచి ఆరు మధ్య, మగవారు ఒకటి నుంచి రెండు మధ్య పాడతారు. ఇది అందరికీ వర్తించే నియమం కాదు. పరీక్ష ఇలా చేయండి. శ్రుతి పెట్టె పెట్టుకుని, సాధకం అయ్యాక, మంద్రపంచమం (కింది స్థాయి 'పా') దాకా దిగండి. అక్కడ స్వరం వినిపించాలి, బుస్సుమని గాలి మాత్రమే రాకూడదు. తర్వాత తారస్థాయిలో పంచమం దాకా ఎక్కండి. అద్దంలో చూసుకోండి. మెడ నరాలు ఉబ్బడం, గడ్డం పైకి లేవడం, కనుబొమలు ఎగరడం కనిపిస్తే శ్రుతి ఎక్కువైనట్టు. అర శ్రుతి దించి మళ్లీ చూడండి. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, మూడు నాలుగు రోజులు చూశాకే తేల్చుకోండి.

పాఠాల్లో తప్పు జరిగేది ఎక్కువగా ఒక్కచోటే. పదిమంది పిల్లలను ఒకే శ్రుతిలో కూర్చోబెడతారు. మాస్టారు ఒకటిన్నరలో పాడితే, ఆ శ్రుతి అందని పిల్లలు కింద గొణుగుతారు, లేదా పైన అరుస్తారు. కుదిరితే రెండు జట్లు చేయండి. కుదరకపోతే ఎవరికి వారు ఇంట్లో తమ శ్రుతిలో పాడుకోవాలని చెప్పి పంపండి.

శ్రుతి పెట్టె శబ్దం వినపడేంత ఉంటే చాలు. ఫోన్‌లో తంబుర యాప్‌ను స్పీకరుకు తగిలించి గది నిండా మోగిస్తే, తెలియకుండానే దాన్ని మించి పాడతాం.

స్ట్రాతో చేసే సాధన అంటే ఏమిటి? ఎలా చేయాలి?

ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ ఉన్న పనిముట్టు ఇదే. ఫిన్లాండ్‌లో వాక్ చికిత్సకులు (స్పీచ్ థెరపిస్టులు) ఎన్నో ఏళ్లుగా గొట్టం, నీళ్లతో గొంతు చికిత్స చేస్తున్నారు. గొట్టంలోంచి స్వరం పలికితే గాలి వెంటనే బయటికి పోలేక నోట్లో కొంచెం ఒత్తిడి నిలుస్తుంది. ఆ ఒత్తిడి కింద నుంచి వచ్చే గాలికి ఎదురు నిలిచి స్వరతంత్రులను కాస్త ఎడంగా ఉంచుతుంది. అవి కదులుతూనే ఉంటాయి, తాకిడి మాత్రం మెత్తబడుతుంది.

కావలసినవి: సర్జికల్ షాపులో దొరికే సిలికాన్ గొట్టం, 35 సెంటీమీటర్ల పొడవు, లోపలి వెడల్పు 9 నుంచి 12 మిల్లీమీటర్లు. అది దొరకకపోతే కొబ్బరిబోండాల బండి దగ్గర ఇచ్చే లావుపాటి స్ట్రా పనికొస్తుంది. అర లీటరు సీసాలో మూడింట రెండొంతులు నీళ్లు.

గొట్టం కొసను నీళ్లలోకి 2 సెంటీమీటర్లు మాత్రమే ముంచండి. పెదవులు గొట్టం చుట్టూ గాలి పోకుండా మూయండి, పళ్లతో కొరకొద్దు. ముందు స్వరం లేకుండా గాలి వదలండి. బుడగలు బుడబుడమని ఒకే వరసలో రావాలి. తర్వాత మీ మధ్యషడ్జంలో 'ఊ' అనండి. బుడగలు ఆగకూడదు. ఒకసారి ముక్కు మూసి చూడండి. స్వరంలో తేడా రాకపోతే గాలి ముక్కులోంచి పోవడం లేదన్నమాట. ఆపైన సా నుంచి పా వరకు జారుతూ ఎక్కి దిగండి, ఐదుసార్లు. ఆ తర్వాత సరళీ స్వరాల్లో మొదటి వరస, చివరికి ఏదైనా గీతం వరస. మొత్తం ఐదు నిమిషాలు. రోజుకు రెండు మూడుసార్లు, ముఖ్యంగా పాడే ముందూ, పాడాకా.

పొరపాట్లు ఇవి. గొట్టం లోతుగా, పది సెంటీమీటర్ల దాకా ముంచి బలమంతా పెట్టి ఊదడం. అప్పుడు ఒత్తిడి మరీ ఎక్కువై గొంతు బిగుసుకుంటుంది. తల తిరుగుతుంటే గాలి ఎక్కువ వదులుతున్నట్టు. బుడగలు ఆగి ఆగి వస్తే ఊపిరి నిలకడగా లేదు, స్వరం తగ్గించి నెమ్మదిగా చేయండి. బుగ్గలు కాస్త ఉబ్బితే తప్పులేదు. వాడాక గొట్టాన్ని సబ్బునీళ్లతో కడిగి, నిలువుగా వేలాడదీసి ఆరబెట్టాలి. ఎవరి గొట్టం వారిదే.

పాడేముందు గొంతు ఎంతసేపు సవరించుకోవాలి?

పది పదిహేను నిమిషాలు. ముందు స్ట్రా లేదా పెదవులను బుర్రుమనిపిస్తూ స్వరాలు, ఆపైన నోరు మూసి 'మ్' కారం, తర్వాత మధ్యస్థాయిలో 'ఆ' కారం, మొదటి కాలంలో (నెమ్మదిగా) సరళీ స్వరాలు. మంద్రస్థాయి సాధకం పొద్దునపూట మంచిది. ఆ వేళ గొంతు సహజంగానే కిందికి ఉంటుంది. అయితే మంద్రం కోసం గొంతు కిందికి నొక్కి గరగరలాడిస్తే ప్రయోజనం పోతుంది. జంట స్వరాలు, దాటు స్వరాలు చివరికి ఉంచుకోండి, ఎందుకంటే నొక్కు పడే చోట్లు వాటిలోనే ఎక్కువ. పాట అయిపోగానే లేచి అందరితో గట్టిగా మాట్లాడటం మొదలుపెట్టకుండా మూడు నాలుగు నిమిషాలు మళ్లీ స్ట్రా చేయండి.

మాటిమాటికీ గొంతులో కఫం అడ్డుపడుతుంది. ఖంగుఖంగుమనకపోతే స్వరం రాదు. ఏం చేయాలి?

ప్రతి 'ఖం'కీ స్వరతంత్రులు గట్టిగా కొట్టుకుంటాయి. కొట్టుకున్న చోట వాపొస్తుంది, ఆ వాపును కాపాడటానికి ఇంకాస్త జిగురు ఊరుతుంది, మళ్లీ ఖంగుమంటాం. ఈ చక్రాన్ని తెంచాలి. గుక్కెడు నీళ్లు తాగి గడ్డం కిందికి వంచి మింగండి. లేదా స్వరం లేకుండా హుఁ అని గాలితో మెత్తగా దగ్గి, వెంటనే మింగండి. వారం పది రోజులు పట్టుబడితే అలవాటు సడలుతుంది.

అప్పటికీ పోకపోతే, ముఖ్యంగా పొద్దున ఎక్కువగా ఉంటే, కడుపులోని ఆమ్లం పైకి వస్తోందేమో చూడాలి. ఛాతీలో మంట లేకుండా కూడా అది గొంతు దాకా రావచ్చు. కచేరీలు, భజనలు అయ్యాక రాత్రి పదకొండింటికి పులిహోర, ఆవకాయ అన్నం, పెరుగు కడుపునిండా తిని పడుకోవడం పాడేవారికి మామూలే. ఆమ్లం ఎగదన్నడానికి అంతకంటే అనువైనది లేదు. పాటకు రెండు గంటల ముందు తేలిగ్గా తినండి, పాట అయ్యాక ఇడ్లీ లాంటిది కొంచెం చాలు. తిన్నాక మూడు గంటలకు గానీ పడుకోవద్దు. మంచం తలవైపు కోళ్ల కింద ఆరంగుళాల ఎత్తు పెట్టండి. తలగడలు పేరిస్తే మెడ మాత్రమే వంగుతుంది, పని జరగదు.

ఆవిరి పట్టడం మంచిదేనా?

మంచిదే. మనం చేసేవాటిలో స్వరతంత్రుల దాకా నేరుగా చేరేవి ఆవిరి, నెబ్యులైజర్ మంచు, అంతే. ఐదు నుంచి పది నిమిషాలు, ఉత్త నీళ్లతోనే. పుదీనా సత్తు, నీలగిరి తైలం, నొప్పుల బామ్ వేయొద్దు. అవి చల్లగా, హాయిగా అనిపించేలా చేస్తాయి, లోపలి పొరను మాత్రం చిరాకు పెడతాయి. మెంథాల్ బిళ్లలతో వచ్చే చిక్కూ ఇదే: గొంతు బాగున్నట్టు తోచి, పాడకూడని రోజున పాడేస్తాం. మరిగే గిన్నె ముందు దుప్పటి కప్పుకుని కూర్చుంటే గిన్నె ఒలికి కాలే ప్రమాదం ఉంది. పిల్లలకైతే ఆ పద్ధతి వద్దే వద్దు. స్టీమర్ వాడండి.

నెబ్యులైజర్ ఉంటే మందుల షాపులో దొరికే 0.9 శాతం స్టెరైల్ సెలైన్ 3 మిల్లీలీటర్లు సరిపోతుంది. ఇంట్లో ఉప్పు కలిపిన నీళ్లు అందులో పోయకూడదు. ఉబ్బసం ఉన్నవారు డాక్టరును అడిగి వాడాలి. జలనేతి (నీళ్లతో ముక్కు కడుక్కోవడం) చేసేవారు కుళాయి నీళ్లు వాడొద్దు. మరిగించి చల్లార్చిన నీళ్లే వాడండి. శుద్ధి చేయని నీళ్లలో ఉండే అమీబా ముక్కులోంచి మెదడుకు చేరి ప్రాణం తీయగలదు.

ఏసీ హాల్లో పాడాల్సి వస్తే గాలి నేరుగా ముఖానికి తగలని చోట కూర్చోండి. అమెరికా, యూరప్‌లలో ఉండేవారికి చలికాలంలో హీటర్ వేసిన గది ఇంతకంటే పొడిగా ఉంటుంది. గదిలో తేమ 40 నుంచి 60 శాతం మధ్య ఉండేలా హ్యుమిడిఫైయర్ పెట్టుకుని, దాని తొట్టి రోజూ కడగాలి.

అయ్యప్ప దీక్ష, ధనుర్మాసం, వినాయక చవితి వస్తే చాలు, గొంతు పోతోంది. ఎలా?

చలిలో తెల్లవారుజాము, ధూపం, డోలు, తాళాల మోత, గంటల తరబడి పాట. గొంతుకు బరువైనవన్నీ ఒక్కసారే మీద పడతాయి. భక్తితో పాడే పాటను ఆపమని అడగం. కొన్ని ఏర్పాట్లు చేసుకోండి.

ముందు పాడేవారు వెనక అందుకునేవారితో కలిసి అదే చరణం మళ్లీ పాడకూడదు. ఆ ఒక్క జాగ్రత్తతో సగం భారం తగ్గుతుంది. ముందు పాడేవారు ముగ్గురు ఉండి పాటకొకరు మారాలి. శరణుఘోషలో కేక వేయడం గుంపుకు వదిలేయండి, మైకు ఉన్నవారికి ఆ అవసరం లేదు.

మైకు నోటికి పిడికెడు దూరంలో ఉండాలి. దూరం సగానికి తగ్గిస్తే మైకుకు అందే శబ్దం సుమారు 6 డెసిబెల్స్ పెరుగుతుంది. వినిపించడం లేదంటే గొంతు పెంచేముందు మైకు దగ్గరికి జరగండి. షూర్ ఎస్ఎం58 లాంటి మైకుల్లో వెనకవైపు శబ్దం తక్కువ పడుతుంది. కాబట్టి మానిటర్ స్పీకరును మైకు వెనక, పాడేవారికి ఎదురుగా పెట్టించి, అందులో మీ గొంతు, శ్రుతి మాత్రమే ఎక్కువగా వేయమని మైకు అతన్ని అడగండి. డోలు, కీబోర్డు అందులో వద్దు. తన గొంతు తనకు వినపడనివారు ఎంత అనుభవమున్నా అరుస్తారు. చుట్టూ మోత పెరిగితే గొంతు దానంతటదే పెరగడం మనిషి సహజం.

టీచర్‌ని. రోజంతా మాట్లాడి సాయంత్రానికి పాడలేకపోతున్నాను.

నడుముకు కట్టుకునే చిన్న స్పీకరు, చెవికి తగిలించుకునే మైకు కొనుక్కోండి. బడి పంతుళ్లకూ, సంగీతం టీచర్లకూ ఇది విలాసం కాదు. పిల్లలు పాడుతున్నప్పుడు వాళ్లతోపాటు పాడకుండా తాళం వేస్తూ వినండి. తప్పు వినేదీ అప్పుడే.

గొంతు పట్టేసినప్పుడు గుసగుసగా మాట్లాడొచ్చా?

వద్దు. చాలామంది గుసగుసలాడేటప్పుడు స్వరపేటికను బిగిస్తారు. తక్కువ మాట్లాడండి, మాట్లాడేదేదో సన్నగా, మామూలు గొంతుతో మాట్లాడండి. రోజుల తరబడి పూర్తి మౌనం ఆపరేషన్ అయినవారికి, స్వరతంత్రుల్లో రక్తం చిమ్మినవారికి డాక్టరు చెప్పేది.

మా అబ్బాయికి పదమూడేళ్లు. గొంతు పగులుతోంది. పాఠం ఆపేయాలా?

ఆపొద్దు. స్వరపేటిక పెరుగుతోంది, గొంతు దాదాపు ఒక స్థాయి కిందికి దిగుతుంది. కొన్ని నెలల నుంచి రెండేళ్ల దాకా పట్టొచ్చు. పాత శ్రుతిలో పాడించకండి. అందిన ఐదారు స్వరాల్లోనే హాయిగా పాడనివ్వండి, నెలకోసారి శ్రుతి సరిచూడండి. ఈ కాలంలో తాళం, స్వరజ్ఞానం, వినికిడి మీద ఎక్కువ పని చేయించవచ్చు. బంధువుల ముందు పాడమని బలవంతం చేయకండి.

మందుల్లో ఏవి జాగ్రత్త?

జలుబుకు వాడే సెట్రిజిన్ లాంటివి లోపలి తడిని ఎండబెడతాయి. ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ రక్తం గడ్డకట్టడాన్ని తగ్గిస్తాయి. వాటి మీద గట్టిగా పాడితే స్వరతంత్రుల్లో సన్న రక్తనాళం చిట్లే ప్రమాదం పెరుగుతుంది. నెలసరికి ముందు కొందరికి స్వరతంత్రులు ఉబ్బి పైస్థాయి బరువవుతుంది. ఆ రోజుల్లో నొప్పికి పారాసిటమాల్ మేలు. గుండె కోసం డాక్టరు రాసిన ఆస్పిరిన్ మాత్రం మీ అంతట మీరు మానకూడదు. ఉబ్బసం ఇన్‌హేలర్ వాడాక నీళ్లతో పుక్కిలించి ఉమ్మేయాలి. డానజోల్ లాంటి, పురుష హార్మోను గుణమున్న మందులు ఆడవారి గొంతును శాశ్వతంగా బొంగురు చేయగలవు. రాసేముందే మీరు పాడతారని డాక్టరుకు చెప్పండి.

డాక్టరు దగ్గరికి ఎప్పుడు వెళ్లాలి?

జలుబుతో వచ్చిన బొంగురు రెండు వారాల్లో పోవాలి. మూడు వారాలు దాటితే తప్పక ఈఎన్‌టీ డాక్టరుకు చూపించాలి. పాడుతూ ఉండగా ఒక్కసారిగా గొంతు పోతే అక్కడికక్కడే ఆపి, ఆ రోజో మర్నాడో చూపించాలి. ఉమ్మిలో రక్తం, మింగలేకపోవడం, మెడలో గడ్డ ఉంటే కూడా ఆగకండి. ఊపిరి ఆడకపోతే నేరుగా ఆసుపత్రికే.

'నేను పాడతాను, వీడియో స్ట్రోబోస్కోపీ (స్వరతంత్రుల కదలికను కెమెరాతో చూసే పరీక్ష) చేయగలరా' అని అడగండి. మామూలు టార్చి పరీక్షలో స్వరతంత్రులు కనపడవు. ఫోన్‌లో ఆరు నెలల కిందటి పాట, ఇప్పటి పాట రెండూ తీసుకెళ్లండి. నాడ్యూల్స్ అని చెబితే భయపడకండి. అవి రెండు తంత్రులూ ఎక్కువగా కొట్టుకునే చోట ఏర్పడే కాయల్లాంటివి. చాలామందికి వాక్ చికిత్సతో, వాడకం మార్చుకోవడంతో తగ్గుతాయి. చికిత్స చేసేవారికి ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ ఉందో లేదో చూసుకోండి. థైరాయిడ్ ఆపరేషన్ చేయించుకోబోతుంటే సర్జనుకు ముందే చెప్పాలి. పైస్థాయి స్వరాలకు పనిచేసే నరం ఆ గ్రంథి పక్కనుంచే వెళ్తుంది.

రేపు కచేరీ. ఇవాళ గొంతు పట్టేసింది. ఏం చేయమంటారు?

స్ట్రాతో సా నుంచి తారషడ్జం దాకా, వీలైనంత సన్నగా జారండి. స్వరం ఎక్కడా తెగకపోతే అలసట మాత్రమే కావచ్చు. ఇవాళంతా మాట తగ్గించి, రెండుసార్లు ఆవిరి పట్టి, త్వరగా పడుకోండి. రేపు అర శ్రుతి దించి, తారస్థాయి తక్కువుండే కృతులు ఎంచుకుని, కల్పనస్వరాలు (అప్పటికప్పుడు అల్లి పాడే స్వరాలు) క్లుప్తం చేసి పాడండి. పక్కవాద్యాలవారికి శ్రుతి మార్పు ముందే తెలియాలి, మృదంగం మార్చుకోవాల్సి రావచ్చు. జారేటప్పుడు ఒకే చోట స్వరం తెగి గాలి మాత్రమే వస్తుంటే అక్కడ వాపుంది. మాట్లాడినా నొప్పిగా ఉంటే అదీ ప్రమాదమే. అప్పుడు స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేయించుకుని వేదిక ఎక్కకండి. స్వరతంత్రులను చూడకుండా ఆ ఇంజెక్షన్ వేసే వైద్యుడి దగ్గరికి వెళ్లకండి. ఇవాళే నిర్వాహకులకు ఫోన్ చేయించి, తేదీ మార్చమనండి.